జీతము, బత్తెము: సిపాయి ఇంటి జమాఖర్చులు

జీతము, బత్తెము అని జంటగా పలకడము తెలుగువారికి అలవాటు. జీతమూ లేదు, బత్తెమూ లేదు, వట్టి వెట్టిచాకిరి అని వాపోయే మనిషి ఆ రెండింటికీ గల భేదమేమిటని ఆలోచించడు. పటాలములో మాత్రము ఈ రెండు మాటలు ఏనాడూ ఒకటి కాలేదు. జీతము మనిషికి ఇచ్చేది. బత్తెము ఆ మనిషి వున్న చోటును బట్టి ఇచ్చేది. మనిషి మారకపోయినా చోటు మారుతుంది. చోటు మారితే బత్తెము మారుతుంది. బత్తెము మారిన సంగతి వందల మైళ్ల దూరాన పొయ్యిమీది కుండకు తెలుస్తుంది. కొత్తగా సైన్యములో చేరిన కుర్రవాని తల్లిదండ్రులు మొదటి నెల సొమ్ము చేతికి రాగానే అడిగే మాట ఒకటున్నది: "ఇంత అన్నారే, ఇంతే వచ్చినదేమి?" ఆ ప్రశ్న నిన్న మొన్నటిది కాదు. దానిని గట్టిగా అడిగి, అడిగినందుకు శిక్ష కూడ అనుభవించినవారిలో మన తెలుగువారు పనిచేసిన మద్రాసు పటాలములు వున్నవి. ఆ కథ చెప్పుకొంటే నేటి జీతపు చీటి చదవడము కొంత సులభమవుతుందని మాకు తోచినది.

1756 చివర కలకత్తాను తిరిగి పట్టుకొనడానికి క్లైవు మద్రాసునుండి ఓడలమీద తీసుకొనిపోయిన బలగములో దక్షిణాది సిపాయిలు వున్నారు. ఆ కాలము నుండి ఉత్తరదేశములో కంపెనీ సిపాయికి "తిలంగా" అనే పేరు పడిపోయినది. 1857లో ఢిల్లీ జనము అయోధ్య సీమనుండి వచ్చిన సిపాయిని కూడ తిలంగా అనే పిలిచినారు. తెలుగు ముక్క ఒకటి రానివానికి తెలుగుపేరు! ఇక మద్రాసులో, ఫ్రెంచివారి దాడి తప్పదని తేలిన 1758లో, అంతకు ముందు విడివిడి గుంపులుగా వున్న సిపాయిలను క్రమమైన పటాలములుగా కూర్చడము ఆరంభించినారు. 1766 ఒడంబడికతో ఉత్తర సర్కారులు కంపెనీ పరమైన తరువాత శ్రీకాకుళము, విశాఖపట్టణము, రాజమహేంద్రవరము, బందరు ప్రాంతములనుండి యువకులు ఆ పటాలములలో చేరుతూ వచ్చినారు.

వారికి దక్కినదెంత? పందొమ్మిదవ శతాబ్దములో చాలకాలము సిపాయి నెలజీతము 7 రూపాయలు. తిండి ఖర్చు అందులోనే. ఉడుపులలో కొన్నింటి వెల కూడ అందులోనే కోసుకొనేవారు. ఇల్లు? ఇక్కడ కొంచెము ఆగి చెప్పవలసి వున్నది. తెల్ల సోల్జరుకు సర్కారు బారకాసులు కట్టించినది. మన సిపాయికి కట్టించలేదు. దండు పక్కన ఇంత నేల చూపించి, గుడిసె వేసుకొనడానికని చిన్న మొత్తము చేతిలో పెట్టేది. మట్టిగోడలు, తాటాకో గడ్డో కప్పు. కొలత ప్రకారము వరుసలు. ఆ వరుసలకే "లైన్లు" అని పేరు. గుడిసె సొమ్ము గుడిసెకు చాలనప్పుడు మిగిలినది సిపాయి తన జీతములో నుంచే పెట్టుకొనవలె. పటాలమునకు బదిలీ వస్తే గుడిసెను భుజాన వేసుకొని పోలేడు గదా! కొత్త వూళ్లో మళ్లీ గోడలు, మళ్లీ తాటాకు. 1806 జూలైలో వేలూరు కోటలో తిరుగుబాటు చెలరేగిన కథ అందరూ ఎరిగినదే. అక్కడ కూడ సిపాయిల కాపురములు కోట లోపల కావు, కోట బయటి గుడిసెలలోనే. మరునాటి కవాతుకోసము ఆ రాత్రి చాలమంది లోపల పడుకొన్నారు, అంతే.

గుడిసె అన్నాము గాని, అందులో ఒక్క సిపాయి మాత్రమే వుండేవాడనుకొనరాదు. మద్రాసు సైన్యమునకూ బెంగాలు సైన్యమునకూ వున్న పెద్ద తేడా ఇదే. బెంగాలు సిపాయి భార్యాబిడ్డలను స్వగ్రామములో పొలము పుట్రతో వదలి, తాను ఒంటిగా కొలువుకు వచ్చి, మిగిలిన డబ్బు సెలవులో పట్టుకొని పోయేవాడు. మద్రాసు సిపాయి సంసారముతో కదిలేవాడు. పెండ్లము, పిల్లలు, ముసలి తల్లి, కొన్నిచోట్ల వితంతువైన అక్కగారు, అందరూ పటాలము వెనుక నడిచేవారు. సిపాయిల కొడుకులను చిన్ననాడే పటాలము పట్టీలో వ్రాసి, చిన్నపాటి జీతమిచ్చి పెంచే ఏర్పాటు కూడ మద్రాసులో వుండేది. తండ్రి చనిపోయిన పిల్లలకు అదే ఆధారము. పటాలమే వూరు, పటాలమే వంశము. చూచేవారికి ఇది ముచ్చటగా వుంటుంది. కాని, 7 రూపాయలు ఒక మనిషికని లెక్కవేసిన జీతము. దానిమీద బతికేది ఐదారుగురు. మిగిలిన లోటును పూడ్చినది బత్తెము.

బత్తెమంటే మొదట తిండిగింజలు. పనిమీద ఇల్లు విడిచిన మనిషికి రోజువారీ గ్రాసము. కంపెనీవారు దీనినే "బత్తా" అని తమ చిట్టాలలో వ్రాసుకొన్నారు. లారీ డ్రైవర్లు నేటికీ ఆ మాటే అంటారు. దండులో వున్నప్పుడు ఒక రేటు, కదిలినప్పుడు ఒక రేటు, కంపెనీ ఎల్ల దాటి పరరాజ్యములో అడుగుపెడితే ఇంకొక పెద్ద రేటు. సముద్రము దాటవలసి వచ్చినప్పుడు మాత్రము మద్రాసు సిపాయి కూడ కుటుంబమును వెంట తీసుకొనిపోలేడు. అందుకని తన జీతములో కొంత భాగమును ఇంటివారి పేర వ్రాసి పోయే పద్ధతి వుండేది. ఆ పత్రము చూపి ఇంటివారు నెలనెలా సొమ్ము తీసుకొనేవారు. 1824లో బర్మా యుద్ధము వచ్చినప్పుడు, సర్ తామస్ మన్రో గవర్నరుగా వుండగా, మద్రాసు పటాలములు ఓడలెక్కినవి. అదే యేడు బరక్‌పూరులో బెంగాలు పటాలము ఒకటి బర్మా ప్రయాణపు ఏర్పాట్లమీద తిరగబడి ఫిరంగుల పాలైనది. మద్రాసువారి విధేయతను చరిత్రకారులు పొగడినారు. ఇంటికి నెలనెలా అన్నము అందే దారి ఒకటి ముందే వుండడము కూడ ఆ విధేయతకు ఒక కారణమని మా అభిప్రాయము.

ఆ దారి తెగితే ఏమవుతుందో ఇరవై యేండ్లలో తెలిసినది.

1843లో చార్లెస్ నేపియర్ సింధు దేశమును జయించినాడు. అంతవరకు సింధు పరరాజ్యము. అక్కడ కాపలా కాసే సిపాయికి పెద్ద బత్తెము. జయించిన మరునాడు అది కంపెనీ రాజ్యము. కంపెనీ రాజ్యములో పరదేశపు బత్తెము ఎందుకు? లెక్కల కచ్చేరీవారి తర్కము ఇది, తర్కముగా చూస్తే ఎక్కడా తప్పు దొరకదు. ఆ ఎడారి అదే, ఆ జ్వరములు అవే, ఇంటికి వున్న దూరము అంగుళము తగ్గలేదు. పటము మీది రంగు మాత్రము మారినది. సిపాయి గెలిచిన గెలుపే సిపాయి బత్తెమును తగ్గించినది! బెంగాలు పటాలములు సింధుకు పోమని మొండికేసినవి. వాటిలో 34వ పటాలమును 1844లో రద్దుచేసినారు.

అప్పుడు మద్రాసువారిని పంపదలచినారు. మద్రాసు గవర్నరు ట్వీడ్‌డేల్ ప్రభువు తన పటాలములకు బర్మాలో ఇచ్చినట్లే బత్తెము ఇస్తామని హామీ ఇచ్చినాడు. ఆ మాట నమ్మి 47వ మద్రాసు పటాలము ఓడ ఎక్కినది. సిపాయిలు వచ్చే సొమ్ము ఎంతో లెక్కవేసుకొని, ఇంటికి ఇంత అని వ్రాసి ఇచ్చి బయలుదేరినారు. 1844 ఆరంభములో బొంబాయి చేరేసరికి, కలకత్తాలోని పై ప్రభుత్వము ఆ హామీని ఒప్పుకొనలేదనీ, బత్తెము తక్కువేననీ తెలిసినది. ఇంటికి వ్రాసి ఇచ్చినది ఎలాగూ పోతుంది. మిగిలినదానితో తాము బతకడము కష్టము. కవాతు మైదానములోనే గోల పుట్టినది. కొందరిని శిక్షించినారు, మిగిలినవారికి కొంత సొమ్ము ముందుగా ఇచ్చి సముదాయించినారు. సింధు కాపలా భారము చివరకు బొంబాయి సైన్యము మీద పడినది. దీనికి కొంచెము ముందు 1843లోనే, జబల్పూరుకు పంపిన 6వ మద్రాసు అశ్వికదళములో ఇదే బాధ తలెత్తినది. త్వరలో తిరిగిపోతామనుకొన్నవారికి అక్కడే వుండవలెననీ, రేటు మాత్రము తక్కువనీ తెలిసినది. కుటుంబములను ఎలా పోషించుకొనవలెనన్నదే వారి మొర.

ఈ సంఘటనలను "జీతముకోసము చేసిన అల్లరి" అని కొందరు తేలికగా వ్రాసినారు. మాకు అలా తోచదు. వారు అడిగినది ఎక్కువ కాదు, చెప్పినది. చెప్పిన మాట ఒక అధికారిది, ఖజానా తాళము మరొక అధికారి చేతిలో వున్నది. మధ్యన వున్నది సిపాయి ఇల్లు.

పంజాబును కలుపుకొన్న తరువాత 1849-50లో ఇదే తంతు మళ్లీ జరిగినది. గోవిందగఢ్‌లో 66వ బెంగాలు పటాలమును రద్దుచేసినారు. అప్పుడు సేనాధిపతి ఆ సింధు నేపియరే. ధాన్యము ధర పెరిగినప్పుడు సిపాయికి ఇచ్చే పరిహారము విషయములో ఆయన తన చేతి మీదుగా ఒక ఉత్తరువు నిలిపివేయగా, గవర్నరు జనరల్ డల్హౌసీ మందలించినాడు. నేపియర్ రాజీనామా ఇచ్చి వెళ్లిపోయినాడు. రెండు పెద్ద తలలు ఢీకొన్నది ఒక సిపాయి రోజుకు తినే పిండి ధర మీద! మనము నేడు కరువుభత్యము అనేదానికి ఆ పరిహారము ముత్తాత వంటిది.

తరువాతి కథను వేగముగా చెప్పవచ్చు. 7 రూపాయలు 1895లో 9 అయినవి, 1911లో 11 అయినవి. తిండి సర్కారు ఖర్చున పెట్టడము 1917లో, ప్రథమ ప్రపంచయుద్ధము మధ్యన గాని రాలేదు. ఇంటికి డబ్బు చేరే మార్గము మాత్రము బాగుపడినది: 1880లో తపాలా కచేరీలు మనియార్డరు పద్ధతి ఆరంభించిన తరువాత పోస్టుమాన్ గుమ్మము ముందుకే వచ్చినాడు. విచిత్రమేమంటే, ఈ సదుపాయములు వచ్చేనాటికి తెలుగువారికి సైన్యములో చోటు సన్నగిల్లినది. కొన్ని జాతులే యుద్ధవీరులనే సిద్ధాంతమును సేనాధిపతి రాబర్ట్స్ ప్రభువు పట్టుకొని, దక్షిణాదివారిని తగ్గిస్తూ వచ్చినాడు. ప్రపంచ యుద్ధములు వచ్చిన తరువాత మనుషులు కావలసి వచ్చి ఆ సిద్ధాంతమును కొంత పక్కన పెట్టినారు. పశ్చిమగోదావరి జిల్లా తాడేపల్లిగూడెము దగ్గరి మాధవరము అనే వూరు "మిలిటరీ మాధవరము" అయినది ఈ విధముగానే. ఆ వూరి యువకులు రెండు మహాయుద్ధములలోనూ పనిచేసినారు.

మట్టి గుడిసెల స్థానములో సర్కారు క్వార్టర్లు వచ్చినవి. కాని, అందరికీ చాలినన్ని ఏనాడూ లేవు. క్వార్టరు దొరకని జవానుకు దానికి బదులుగా ఒక పరిహారము ఇస్తూ వచ్చినారు. ఏడవ వేతన సంఘము సిఫారసుతో 2017లో ఆ పరిహారమును తీసివేసి, సివిలు ఉద్యోగులవలె ఇంటి అద్దె భత్యము ఇచ్చినారు. దాని లెక్క ఊరిని బట్టి: మొదట వందకు 24, 16, 8 వంతున మూడు తరగతులు, కరువుభత్యము యాభై శాతము చేరిన 2024లో అవి 30, 20, 10 అయినవి. హైదరాబాదు పై తరగతిలోనిది, విజయవాడ, విశాఖపట్టణము, వరంగల్లు మధ్య తరగతిలోనివి, పల్లెలు చివరివి. చోటును బట్టి బత్తెమనే పాతసూత్రమే ఇది, పేరు మాత్రము మారినది. క్వార్టరు కేటాయించిన నాటినుండి ఆ భత్యము ఆగిపోతుంది. ఇది ఎరుగని ఇంటివారు జీతము తగ్గినదని కంగారుపడతారు.

2022లో వచ్చిన అగ్నిపథ్ పద్ధతి ఈ చరిత్రలో ఒక కొత్త మలుపు. చేరేవారు అవివాహితులై వుండవలె, నాలుగేండ్ల కొలువు. కనుక కుటుంబమనగా ఇక్కడ తల్లిదండ్రులే. మొదటి యేడు నెలకు 30,000 రూపాయలు. అందులో చేతికి వచ్చేది 21,000. తక్కిన 9,000 ఒక నిధికి పోతుంది, ప్రభుత్వము అంతే మొత్తము కలుపుతుంది. నాలుగవ యేటికి నెలసొమ్ము 40,000 అవుతుంది, అందులోనూ నూటికి 30 వంతులు నిధికే. కరువుభత్యము లేదు, జవానులకు ఇచ్చే మిలిటరీ సర్వీసు పే లేదు. రిస్కు, రేషను, దుస్తులు, ప్రయాణము వీటి భత్యములు మాత్రము వున్నవి. మొదటి నెలలో "30,000 అన్నారే" అని అడిగే తండ్రికి సమాధానము ఈ 9,000లో వున్నది. అది పోయినది కాదు, నాలుగేండ్ల చివర వడ్డీతోసహా సేవానిధి పేర కుర్రవాని చేతికి వస్తుంది. అంతవరకు దానిమీద ఇంటి అప్పుకు వాయిదా పెట్టుకొనరాదు. నాలుగేండ్ల తరువాత నూటికి 25 మందికి మించకుండ శాశ్వతపు కొలువులోకి తీసుకొంటారు. కరువుభత్యము, సర్వీసు పే, క్వార్టరుకోసము వరుసలో నిలబడడము, ఇవన్నీ వారికి అప్పుడు మొదలవుతవి.