మాయమైన ఛానల్ ఎక్కడికి పోయినది?

కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతానికి చెందిన నందిగామ, జగ్గయ్యపేట పట్టణాలు 2022 ఏప్రిల్ నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలో ఉన్నవి. తిన్నని గీత గీసి కొలిచినచో విజయవాడ నుండి నందిగామ సుమారు 45 కిలోమీటర్లు, జగ్గయ్యపేట సుమారు 70 కిలోమీటర్లు. అక్కడి టెలివిజన్ చరిత్రను అర్థం చేసికొనుటకు ఈ రెండు అంకెలతోనే ప్రారంభించవలెను.

హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం 1977 అక్టోబరు 23న ప్రారంభమైనది. కాని టెలివిజన్ తరంగాలు దాదాపు తిన్నగా పోవును. భూమి గుండ్రన కనుక కొంత దూరం పోగానే నేలయే వాటికి అడ్డు వచ్చును. ఈ దూరాన్ని విద్యార్థులు సులభంగా లెక్కకట్టవచ్చును. గోపురం ఎత్తును మీటర్లలో తీసికొని, దాని వర్గమూలాన్ని 4.12 చేత హెచ్చించినచో ఆ దూరం కిలోమీటర్లలో వచ్చును. 100 మీటర్ల గోపురానికి ఇది 41. ఇంటిపై 10 మీటర్ల ఎత్తున కట్టిన ఏంటెన్నాకు మరి 13. మొత్తం 54. విజయవాడలో అటువంటి గోపురం ఉన్నదనుకొన్నచో నందిగామ ఈ హద్దుకు లోపల, జగ్గయ్యపేట బయట పడును. హద్దు దాటిన చోటికి వంగి వచ్చే తరంగం మిక్కిలి బలహీనమైనది.

అయినను ఆ అనలాగ్ పద్ధతిలో ఒక సౌకర్యం ఉండేది. బొమ్మ చెడిన తీరే చెడుటకు గల కారణాన్ని చెప్పేది. తెరనిండా చుక్కలు కనబడితే సంకేతం బలహీనమని అర్థం. బొమ్మ పక్కన నీడబొమ్మ కనబడితే తరంగం ఏ గుట్టకో మేడకో తగిలి, ఆలస్యంగా మరొకసారి చేరినదని అర్థం. మేడమీద ఒకరు ఏంటెన్నాను తిప్పుచుండగా లోపలివారు “వచ్చింది, పోయింది” అని కేకవేయుట నిజానికి ఒక చక్కని ప్రయోగమే.

1990లలో కేబుల్ వచ్చినది. ఆపరేటరు పెద్ద డిష్‌తో ఉపగ్రహ సంకేతాలను పట్టి, తీగపై ఇండ్లకు పంపేవాడు. 1995 ఆగస్టు 27న ఈటీవీ ప్రసారాలు మొదలైనవి. ఛానళ్లు పెరిగినవి కాని తీగలో చోటు పెరగలేదు. అనలాగ్ పద్ధతిలో ఒక్కొక్క ఛానల్‌కు 7 లేక 8 మెగాహెర్ట్జ్‌ల చోటు కావలెను. అందువలన సుమారు నూరు ఛానళ్లతోనే తీగ నిండిపోయేది. డిజిటల్ పద్ధతిలో బొమ్మను అంకెలుగా మార్చి, అనవసరమైనవాటిని తగ్గించి పంపుదురు. అదే 8 మెగాహెర్ట్జ్‌లలో సెకనుకు సుమారు 3 కోట్ల 80 లక్షల బిట్లు పట్టును. అనగా పదికి పైగా ఛానళ్లు ఒకే మూటలో ప్రయాణించును.

2011లో సవరించిన కేబుల్ చట్టం ప్రకారం ఈ మార్పు దశలవారీగా జరిగినది. హైదరాబాదు, విశాఖపట్నాలకు గడువు 2013 మార్చి 31. నందిగామ, జగ్గయ్యపేట వంటి తక్కిన పట్టణాలకు 2015 డిసెంబరు 31. చుట్టుపక్కల గ్రామాలకు చివరి గడువు 2017 మార్చి 31. న్యాయస్థానాలలో నడిచిన వ్యాజ్యాల వలన కొన్నిచోట్ల అమలు ఆలస్యమైనది. ఇక దూరదర్శన్ భూతల అనలాగ్ ప్రసారాలు 2022 నాటికి దాదాపు దేశమంతటా నిలిచిపోయినవి. ఇంటిపై పాత ఏంటెన్నాకు పని లేకుండా పోయినది.

మార్పుతో పాటు కొత్త చిక్కు వచ్చినది. అంకెలలో కొద్దిపాటి తప్పులను సెట్‌టాప్ బాక్సు తానే సరిదిద్దుకొనును. తప్పులు ఒక హద్దు దాటినచో బొమ్మ గళ్లుగళ్లుగా విడిపోయి, వెంటనే మాయమగును. చుక్కల బొమ్మ అన్నది లేదు: ఉంటే నిండుగా ఉండును, లేకుంటే అసలే ఉండదు. బొమ్మను చూసి రోగం చెప్పుట ఇక సాధ్యం కాదు. దానికి బదులు ఏ ఛానళ్లు పోయినవో ఒక కాగితంపై వ్రాయవలెను.

ఒకే ఛానల్ పోయి, తెరపై చందా లేదని కనబడినచో తరంగానికి సంబంధం లేదు. 2019 ఫిబ్రవరి 1 నుండి ట్రాయ్ నిబంధనల ప్రకారం చందాదారుడే ఛానళ్లను ఎన్నుకొనవలసి వచ్చినది. ఎన్నుకొనని ఛానల్ ఆగిపోవును. పది ఛానళ్లు ఒక్కసారిగా పోయినచో అవి ఒకే మూటలోనివి కావచ్చును. పౌనఃపున్యం పెరిగినకొద్దీ తీగలో సంకేతం ఎక్కువగా క్షీణించును. కనుక తీగ పొడవైనను, జాయింట్లు తుప్పు పట్టినను, ఎక్కువ పౌనఃపున్యం గల మూటలు ముందుగా పోవును. ఛానల్ మరొక మూటకు మారినదేమో చూచుటకు బాక్సులో ఛానళ్లను తిరిగి వెదికించవలెను. చిన్న డిష్ గలవారికి జడివానలో అన్నియు పోయి, వాన వెలిసిన తరువాత తిరిగి వచ్చినచో తప్పు వాన చినుకులది. సుమారు 11 గిగాహెర్ట్జ్‌ల తరంగాలను అవి పీల్చుకొనును.

ఈ విచారణ వినోదం కొరకు మాత్రమే కాదు. 2020లో బడులు మూతపడినప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో పాఠాలు దూరదర్శన్ సప్తగిరి ద్వారా ప్రసారమైనవి. నాడు ఒక ఇంట ఆ ఛానల్ కనబడలేదనగా ఆ ఇంటి పిల్లవానికి ఆ రోజు పాఠం లేదన్నమాట. దూరదర్శన్ ఛానళ్లను కేబుల్‌వారు తప్పనిసరిగా చూపవలెనని చట్టమే చెప్పుచున్నది. కనుక సప్తగిరి రానిచోట చందాను శంకింపక, తీగను, ఛానళ్ల వెదుకులాటను ముందు పరీక్షించవలెను.

కారణం తెలియక కొత్త టెలివిజన్ కొనుట వృథా ఖర్చు. బాక్సు తీగలు తగిలించుకొనే వీలున్న పాత పిక్చర్ ట్యూబు సెట్టు కూడ డిజిటల్ ప్రసారాన్ని చక్కగా చూపగలదు. పోయిన ఛానళ్ల పట్టికను ఆపరేటరుకు చూపినచో, అతడు ఏ మూట వద్ద సంకేతం కొలువవలెనో వెంటనే గ్రహించును.