టెలివిజను పెట్టెలో నిరువదియైదువేల వోల్టులు



సింగరాయకొండ యనగానే వరాహ లక్ష్మీనరసింహస్వామి యాలయమును, కందుకూరు పోవువారు రైలు దిగెడి స్టేషనును మీ తలపునకు వచ్చును. నేను చెప్పబోవునది వానిని గూర్చి కాదు. ఆ యూర నొక చిన్న రేడియో మరమ్మతు దుకాణముండెడిది. రంగుల టెలివిజను పెట్టెలు వచ్చిన తొలి దినములలో నచ్చటి మేస్త్రి యెడమచేతిని పంచెకట్టులో దోపుకొని కుడిచేతితో మాత్రమే పనిచేయుచుండగా జూచితిని. ఏదో వింత యలవాటని తలచితిని. అది ప్రాణరక్షణోపాయమని తరువాత దెలిసినది.

మన దేశమున టెలివిజను 1959 సెప్టెంబరు 15వ తేదీన ఢిల్లీలో నారంభమయ్యెను. మద్రాసు కేంద్రము 1975లోను, హైదరాబాదు కేంద్రము 1977లోను వెలసెను. అది నలుపు తెలుపుల కాలము. 1982లో రంగులు వచ్చెను. ఆ నవంబరున ఢిల్లీలో జరిగిన ఆసియా క్రీడలను జనులు రంగులలో గాంచిరి. 1987 జనవరిలో రామాయణము ప్రారంభమైన పిమ్మట, ఆదివారము ఉదయమున పెట్టె చెడుట ఇంటిల్లిపాదికిని అపశకునమైపోయెను. శనివారము రాత్రి మేస్త్రికి నిద్ర యెక్కడిది?

ఇంతకు నా పెట్టెలో భయమేమి? పిక్చరు ట్యూబులో వెనుకనుండి వెలువడు ఎలక్ట్రానులు ముందరి యద్దమునకు బూసిన పొడిని వేగముగా దాకినగాని వెలుగు పుట్టదు. రంగుల ట్యూబులో నద్దమునకు వెనుక రంధ్రములు గల పలుచని రేకొకటి యడ్డముగా నుండును. వెడలిన ఎలక్ట్రానులలో నధికభాగ మా రేకుననే యాగిపోవును. మిగిలిన కొద్దివే కాంతి నీయవలెను గనుక వానిని మరింత బలముగా లాగవలయును. అందులకు 20,000 మొదలు 25,000 వోల్టులు కావలెను. మన గోడలోని విద్యుత్తు 230 వోల్టులే.

తక్కినది యెట్లు వచ్చును? ఇచ్చటనే నిర్మాతల నేర్పు కానవచ్చును. ఎలక్ట్రాను ధార సెకండునకు 15,625 మారులు ఎడమనుండి కుడికి గీత గీసి, ప్రతిమారును సెకండులో లక్షవ వంతునకు కొంచె మెక్కువ కాలములో వెనుకకు దుమికివచ్చును. ఆ దుమికెడి క్షణమున తీగచుట్టలోని ప్రవాహ మొక్కసారిగా గూలి పెద్ద విద్యుదాఘాతము పుట్టును. దానిని ట్రాన్స్‌ఫార్మరుతో సుమారెనిమిదివేల వోల్టులకు బెంచి, ట్రిప్లరను పరికరముతో మూడింత లొనర్తురు. డయోడులను కెపాసిటర్లను మెట్లుమెట్లుగా పేర్చుటయే ట్రిప్లరు. 1932లో కేంబ్రిడ్జియందు కాక్‌క్రాఫ్టు, వాల్టను అను నిరువురు లిథియము పరమాణువును బ్రద్దలుచేయ నుపయోగించిన యేర్పాటును ఈ జాతిదే. పరమాణువును బ్రద్దలుచేసిన ఉపాయము మన నడవలో బల్లమీద కూర్చుండి పురాణము చూపినదన్నమాట!

అయితే సముద్రతీరపు టూరులో నీ భాగములకు ఆయువు తక్కువ. అధిక వోల్టేజి దుమ్మును తనకు తానై యాకర్షించును. ఉప్పుగాలి దానిని తడుపును. మొదట బుసబుసమను చప్పుడు, చీకటిలో నీలిజ్యోతి, ముక్కునకు ఘాటగు ఓజోను వాసన. పిదప బొగ్గుచార యేర్పడి విద్యుత్తు దారి తప్పును. దుమ్ము మాత్రమే యైనచో స్పిరిటుతో తుడిచి యారబెట్టిన చాలును. బొగ్గుచార పడినచో దానిని మూలమంట గీకవలెను. మైనము పోసి కప్పుట కొందరు చేయుదురుగాని నాకది రుచింపదు: లోపలి బొగ్గు లోపలనే యుండును గదా. ట్రిప్లరు లోపల బ్రద్దలైనచో మార్చుటయే గతి. అది తెలియని నౌసిఖుడు కాలిన బీయూ 208 ట్రాన్సిస్టరును మార్చి మీట నొక్కును. క్రొత్తదియు క్షణములో కాలును. మా మేస్త్రి ముందుగా ట్రిప్లరు తీగను విప్పి చూచెడివాడు. అప్పుడు తక్కిన వలయము బ్రతికెనేని దోషము ట్రిప్లరుదే.

మరియొక చిన్న కెపాసిటరు కలదు; ట్రాన్సిస్టరు ప్రక్కన నుండును. అది శక్తి కోల్పోయినచో వోల్టేజి పొంగిపోవును. వోల్టేజి మితిమీరినచో ఎక్స్-కిరణములు వెలువడునను భయమును గలదు. అమెరికాలో 1967లో కొన్ని రంగుల పెట్టెలనుండి యట్టి కిరణములు వెలువడుట కనుగొనబడగా, మరుసటి యేట శాసనమే చేయవలసి వచ్చెను.

ఇక ఆ యెడమచేతి మాట. ట్యూబు గాజునకు లోపల, వెలుపల నల్లని గ్రాఫైటు పూత లుండును; నడుమ గాజు. అనగా ట్యూబే యొక పెద్ద కెపాసిటరు. మీట ఆర్పినను విద్యుత్తు దానిలో దాగియుండును. మేస్త్రి స్క్రూడ్రైవరునకు తీగ గట్టి, ఆ తీగను వెలుపలి పూతకు తగిలించి, రబ్బరు టోపీ క్రిందికి దూర్చెడివాడు. టప్పుమని మెరుపు. కొంతసేపాగి మరల చేయును. ఏలయన గాజులో మిగిలిన విద్యుత్తు మెల్లగా తిరిగి చేరును. రెండు చేతులును తాకినచో ప్రవాహము గుండెమీదుగా బోవును. అందులకే యొక చేయి పంచెలో. అయినను ఆయన మిక్కిలి భయపడినది ఇరువదియైదువేలకు గాదు. అనేక పెట్టెలలో చట్రమే గోడ విద్యుత్తుతో నేరుగా కలసియుండెడిది. 'పెద్దది తన్ని వదలును, చిన్నది పట్టుకొని వదలదు' అనెడివాడు.

తరువాతి పెట్టెలలో ట్రిప్లరును ట్రాన్స్‌ఫార్మరులోనే కలిపి యొకే ముద్దగా పోసిరి. పలుచని తెరలు రాగా పాత ట్యూబులు పాతయినుము వర్తకుల పాలయ్యెను. పాత పెట్టెను మరల వెలిగింపగోరువాడు నేడు మరియొక చచ్చిన పెట్టెను వెదకి, దాని ముద్దను విప్పి తెచ్చుకొనవలసినదే. అదియు పగులు లేదని భూతద్దముతో జూచి, వేరుగా పరీక్షించిన పిమ్మటనే టంకము వేయవలెను.