మార్షమ్ వసంత సూచికలు: ఒక తేదీల పట్టిక చరిత్ర

క్రీ.శ. 1789లో లండన్ రాయల్ సొసైటీ తన ‘ఫిలసాఫికల్ ట్రాన్సాక్షన్స్’ సంపుటంలో ఒక పట్టికను ప్రచురించింది. అందులో సిద్ధాంతమేదీ లేదు. ఏ సంవత్సరంలో ఏ చెట్టు ఎప్పుడు చిగురించింది, ఏ పక్షి ఎప్పుడు తొలిసారి కూసింది అన్న తేదీలు మాత్రమే ఉన్నాయి. ‘వసంత సూచికలు’ అని అర్థమిచ్చే శీర్షికతో వెలువడిన ఈ పట్టికను రూపొందించినది ఇంగ్లండులోని నార్‌ఫక్ ప్రాంతానికి చెందిన భూస్వామి రాబర్ట్ మార్షమ్ (1708–1797). స్ట్రాటన్ స్ట్రాలెస్ అనే గ్రామం ఆయన నివాసం, చెట్లు నాటి పెంచడం ఆయన వ్యసనం. ఈ నమోదు 1736లో ఆరంభమైంది.

మార్షమ్ ఎంచుకున్న సూచికలు 27. వాటిలో దాదాపు సగం చెట్ల చిగుళ్లకు సంబంధించినవి. పక్షులవి సంఖ్యలో తక్కువే అయినా శిశిరాంతం నుండి వసంతం వరకు సాగే క్రమాన్ని అవే స్పష్టంగా చూపుతాయి. మంచు పూర్తిగా విడవకముందే త్రష్ పిట్ట పాట అందుకుంటుంది. ఆకులు లేని కొమ్మలపై రూక్ అనే కాకి జాతి పక్షి గూడు కట్టడం మొదలుపెడుతుంది. అడవి పావురం గువ్వగువ్వమంటుంది. వానకోవెల, కుకూ, నైటింగేల్ ఆ తరువాత గాని రావు. మొదటి మూడూ ఆ నేలపైనే చలికాలం గడిపే పక్షులు, తక్కినవి వలస పక్షులు. ఈ భేదాన్ని పట్టిక చెప్పదు. అన్నింటినీ ఒకే వరుసలో ఉంచుతుంది.

ఇటువంటి పట్టికను చదివేవారు తేదీల లెక్కలో ఒక మెలికను గుర్తుంచుకోవాలి. బ్రిటన్ 1752లో పంచాంగాన్ని మార్చుకుంది. ఆ సంవత్సరం సెప్టెంబరు 2 మరునాడు సెప్టెంబరు 14 అయింది. ఈ 11 రోజుల సర్దుబాటు లేకుండా 1740 నాటి తేదీని 1760 నాటి తేదీతో పోల్చితే లేని మార్పు ఉన్నట్లు తోస్తుంది.

మార్షమ్ పట్టిక వెలువడిన కాలంలోనే గిల్బర్ట్ వైట్ రచించిన సెల్బోర్న్ ప్రకృతి చరిత్ర కూడా ప్రచురితమైంది. 1790 నుండి 1793లో వైట్ మరణించేవరకు వీరిరువురి మధ్య ఉత్తరప్రత్యుత్తరాలు నడిచాయి. వానకోవెలలు చలికాలంలో ఏమవుతాయన్న ప్రశ్న వాటిలో ప్రస్తావనకు వచ్చింది. అవి చెరువుల అడుగునో, గోడల కంతలలోనో నిద్రిస్తాయన్న నమ్మకం ఆనాడు విద్వాంసులలోనూ ఉంది. జిబ్రాల్టర్‌లో ఉన్న వైట్ సోదరుడు అక్కడి జలసంధిని దాటే పక్షులను గమనించాడు. అయినా శరదృతువు ముగిసిన తరువాత వెచ్చని రోజుల్లో తన ఊరిలో ఒకటి రెండు పక్షులు కనిపించడంతో వైట్ సందేహం తీరలేదు. కొన్నైనా ఇక్కడే దాగి ఉంటాయని ఆయన చివరివరకు అనుమానించాడు. దీన్ని అమాయకత్వమని తీసిపారేయడం న్యాయం కాదు. కళ్లెదుటి సాక్ష్యాన్నే ఆయన నమ్ముకున్నాడు. 1911 మే నెలలో స్టాఫర్డ్‌షైర్‌లో కాలికి ఉంగరం తొడిగిన వానకోవెల 1912 డిసెంబరులో దక్షిణాఫ్రికాలోని నటాల్‌లో దొరికిన తరువాతనే వాటి గమ్యానికి నేరైన రుజువు లభించింది.

పక్షి ఎక్కడి నుండి వస్తుందో తేలకముందే అది వచ్చిన తేదీ నమోదైంది. వివరణ వీగిపోయినా తేదీ చెడలేదు. మార్షమ్ వంశీయులు ఈ నమోదును, నడుమ కొంత ఎడం ఉన్నప్పటికీ, 1958 వరకు కొనసాగించారు. 1995లో స్పార్క్స్, కేరీ అనే శాస్త్రవేత్తలు 1736–1947 మధ్యకాలపు తేదీలను ఉష్ణోగ్రతల వివరాలతో పోల్చి, ‘జర్నల్ ఆఫ్ ఎకాలజీ’లో విశ్లేషించారు. ఓక్ చెట్టు చిగురించే తేదీకి వాతావరణపు వెచ్చదనంతో ఉన్న సంబంధం ఈ నమోదులో స్పష్టం. అయితే ‘తొలిసారి’ అన్న మాటలో ఒక బలహీనత లేకపోలేదు. తోటలో ఎక్కువసేపు తిరిగినవానికి పక్షి ముందుగా కనిపిస్తుంది. అది పక్షి త్వరగా వచ్చిందనడానికి నిదర్శనం కాదు.

తెలుగు నేలపై ఇదే వానకోవెల శీతకాలపు అతిథి. చలి తగ్గి ఎండ ముదురుతుండగా ఉత్తరానికి తరలిపోతుంది. అంటే ఇంగ్లండులో రాకగా నమోదయ్యే సూచిక ఇక్కడ పోకగా నమోదు కావాలి. చివరిసారి కనిపించిన రోజు, అదే చివరిదని ఆనాడు తెలియదు కనుక, పట్టుకోవడం కష్టం. కోకిల విషయంలో వైట్ పొరపాటు తలకిందులవుతుంది. ఏడాది పొడవునా ఇక్కడే ఉండి, చలికాలంలో మౌనం వహించే పక్షిని మనం వసంతంలో ‘వచ్చింది’ అంటాము. కాలగణన మరో చిక్కు. చాంద్రమానంలో ఉగాది ఒక ఏడు మార్చి నాలుగో వారంలోనూ మరో ఏడు ఏప్రిల్ రెండో వారంలోనూ పడవచ్చు. ఏదైనా పల్లెలో ఒకరు కోకిల తొలికూతను ‘ఉగాదికి వారం ముందు’ అని ఏటా రాసి ఉంచితే, ఒకే మాటలతో ఉన్న రెండు నమోదులు మూడు వారాల తేడా గల రెండు రోజులను సూచించగలవు.