డీజిల్ మండినా రైలెక్కని సరుకు

2020 జులైలో గుంటూరు పక్కనున్న రెడ్డిపాలెం నుంచి ఒక పార్సిల్ రైలు బంగ్లాదేశ్‌లోని బేనాపోల్‌కు బయల్దేరింది. 16 వ్యాన్లు, 384 టన్నుల ఎండుమిరప. మన పార్సిల్ రైలు దేశం సరిహద్దు దాటడం అదే మొదటిసారని అప్పట్లో గొప్పగా చెప్పుకున్నారు. నాకు మాత్రం ఆ వార్తలో సరిహద్దు కన్నా రేటే ఆసక్తిగా తోచింది. లారీలో పంపితే టన్నుకు 7,000 రూపాయల దాకా పడేది. రైల్లో 4,608. ఇంత తేడా ఉంటే మిరప వ్యాపారి ఎప్పుడో రైలెక్కించి ఉండాలి కదా? ఎక్కించలేదు. రైల్లో పంపాలంటే ఒక్క విడతకు 1,500 టన్నులకు పైగా తేవాలన్నది లెక్క. మిరప యార్డులో బేరమాడి లాట్లు లాట్లుగా టిక్కీలు (మిరప బస్తాలు) కొనేవాడు అంత సరుకు ఒక్కరోజున ఎక్కణ్ణుంచి పోగేస్తాడు? లాక్‌డౌన్‌లో లారీలు నిలిచిపోయాక రైల్వే ఓ మెట్టు దిగింది. 500 టన్నుల లోపైనా సరే తీసుకెళ్తానంది. అప్పుడు కదిలింది మిరప.

డీజిల్ ధర పెరిగినప్పుడల్లా సరుకంతా రైలెక్కించాలన్న మాట వినబడుతుంది. మాటలో తప్పేం లేదు. ఉక్కు పట్టా మీద ఉక్కు చక్రం దొర్లడానికి కావలసిన శక్తి, తారు రోడ్డు మీద టైరుకు కావలసినదాంట్లో చిన్న వంతు. అయినా 1950-51లో టన్ను-కిలోమీటర్ల లెక్కన దేశంలోని సరుకులో దాదాపు 89 శాతం మోసిన రైలు, ఇటీవలి ఏళ్లలో 27 శాతం దగ్గరకు దిగిపోయింది. ఈ మధ్యకాలంలో చమురు ఎన్నిసార్లు మండలేదు! మండిన ప్రతిసారీ రైలుకు ఇంకేదో అడ్డు వచ్చిపడింది.

నిజానికి మొదట్లో సర్కారు బెంగ అంతా లారీ నుంచి, బస్సు నుంచి రైలును ఎలా కాపాడాలన్నదే. 1930ల మాంద్యంలో రైలు ఆదాయం పడిపోతే, రోడ్డు-రైలు పోటీ మీద మిచెల్, కిర్క్‌నెస్ అనే ఇద్దరు అధికారుల చేత విచారణ చేయించారు. 1933లో వాళ్ల నివేదిక వచ్చింది. 1939 మోటారు వాహనాల చట్టంతో లారీకి పర్మిట్ల రోజులు మొదలయ్యాయి. రైలున్న దారిలో దూరం వెళ్తానంటే అధికారులు చేయి బిగించేవారు. నిజాం రైల్వే ఇంతకన్నా తెలివైన దారి తొక్కింది. 1932 జూన్‌లో 27 బస్సులు కొని తనే రోడ్డెక్కింది. మన ఆర్టీసీకి మూలపురుషుడు ఒక రైల్వే అన్నమాట.

రెండో ప్రపంచ యుద్ధంలో పెట్రోలుకు రేషన్ వచ్చింది. బస్సుల వెనక బొగ్గు పొయ్యి కట్టి, ఆ గ్యాసుతో నడిపిన సంగతి పాతతరం వాళ్లు చెబుతుండేవారు. రైలుకు అది మంచి అదను కావలసింది. కానీ ఇంజన్లు, వ్యాగన్లు కొన్ని పశ్చిమాసియా యుద్ధరంగాలకు తరలిపోయాయి. కొన్ని బ్రాంచి లైన్ల పట్టాలు కూడా ఊడదీశారు. 1942 ఏప్రిల్‌లో విశాఖ, కాకినాడల మీద జపాన్ బాంబులు పడ్డాయి. అంతవరకు సముద్రం మీద వెళ్లే బెంగాల్ బొగ్గు కూడా అప్పటికే ఇరుకున పడిన పట్టాల మీదికే వచ్చింది. లారీ వదిలిన సరుకుకు ఇక చోటెక్కడ?

1973 చివర్లో అరబ్ దేశాలు చమురు బిగించాయి. బ్యారెల్ ధర కొద్ది నెలల్లోనే దాదాపు నాలుగింతలైంది. మన రైలింజన్లలో చాలావాటికి అప్పటికింకా బొగ్గే ఆహారం గనుక చమురు దెబ్బ వాటికి పెద్దగా తగలదు. తీరా 1974 మే 8న జార్జ్ ఫెర్నాండెజ్ నాయకత్వంలో రైల్వే సమ్మె మొదలైంది. దాదాపు 17 లక్షల మంది కార్మికులు, 20 రోజులు. సమ్మెకు కారణాలు న్యాయమైనవే, అది వేరే వ్యాసం. ఇరాన్ విప్లవంతో ధరలు మళ్లీ ఎగిశాక, 1980లో బి.డి.పాండే నాయకత్వంలోని జాతీయ రవాణా విధాన కమిటీ ఇంధనం పొదుపు కావాలంటే రైలుకే పెద్దపీట వేయాలని సిఫార్సు చేసింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే రైల్వే చిన్న సరుకుకు తలుపు మూసింది. దీని గురించి కాస్త నిలబడి చెప్పుకోవాలి. అంతకుముందు ఏ మిల్లరయినా స్టేషన్‌లో ఇండెంట్ పెడితే ఒక్క వ్యాగన్ దొరికేది. ఇరవై టన్నుల చిల్లర పట్టే నాలుగు చక్రాల మూత వ్యాగన్. అది యార్డు తర్వాత యార్డులో విడిపోతూ, మరో బండికి తగులుకుంటూ, ఎప్పటికో గమ్యం చేరేది. గుంటూరు-గుంతకల్లు దారి 1990ల దాకా మీటర్ గేజే. వినుకొండలోనో మార్కాపురంలోనో ఎక్కిన బస్తాను కలకత్తా వైపు పంపాలంటే దారిలో హమాలీలు చిన్న వ్యాగన్ లోంచి పెద్ద వ్యాగన్‌లోకి మార్చాల్సిందే. నష్టం, ఆలస్యం, బస్తాలు చిరగడం మామూలే. యార్డులు వ్యాగన్లతో కిక్కిరిసి, విద్యుత్ కేంద్రాలకు బొగ్గు అందని స్థితి వచ్చింది. 1980లో రైల్వే బోర్డు ఛైర్మన్‌గా వచ్చిన ఎం.ఎస్.గుజ్రాల్ ఆ ముడి ఒక్క వేటుకు తెంచారు. యార్డుల్లో విడదీయడాలు తగ్గించి, బయల్దేరిన రేకు బయల్దేరినట్టే గమ్యం చేరాలన్నారు. బొగ్గు కదిలింది, ఎరువులు కదిలాయి. రైల్వేను అప్పట్లో నిలబెట్టింది ఆ నిర్ణయమే, అందులో సందేహం లేదు. కాకపోతే రేకంటే 40కి పైగా వ్యాగన్లు, దాదాపు 2,500 టన్నులు. ఆనాటి పది టన్నుల లారీలైతే 250. ఒక్క వ్యాగన్ అడిగేవాడికి గూడ్స్ షెడ్డులో పని లేకుండా పోయింది.

వాడు వెళ్లి ఎక్కాల్సింది ఎక్కడో బెజవాడకు తెలుసు. హౌరా, మద్రాసు, ఢిల్లీ దారులు కలిసే ఆ జంక్షన్ ఊళ్లోనే 1960ల్లో ఆటోనగర్ లేచింది. చాసిస్ తెచ్చుకుంటే చెక్క బాడీ దగ్గర్నుంచి రంగుల దాకా అన్నీ అక్కడే. 1975 నుంచి నేషనల్ పర్మిట్లు కూడా వచ్చాయి. కృష్ణా జిల్లా లారీ ఓనర్ల సంఘం పేరు దేశమంతా తెలుసు. లారీ పొలం గట్టు దాకా వస్తుంది, అర్ధరాత్రయినా లోడు ఎత్తుతుంది, కొనేవాడి గుమ్మంలో దింపుతుంది. రైలుకైతే ఎక్కించడానికో కూలి, దించడానికో కూలి, రెండు చివరలా మళ్లీ లారీ కిరాయి. పైగా టికెట్ ధరలు పెంచితే ఓట్లు పోతాయని, ఆ లోటంతా సరుకు రేట్ల మీద రుద్దారు. అన్నీ కలిపి చూస్తే డీజిల్ మీద రైలు మిగిల్చేది దారిలోనే ఆవిరి. గూడ్సు బండి సగటు వేగం గంటకు పాతిక కిలోమీటర్ల దగ్గరే ఆగిపోయిన సంగతి సరేసరి.

2021 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో లీటరు డీజిల్ వంద రూపాయలు దాటింది. ఏడాది తిరక్కుండానే, 2022 వేసవిలో, బొగ్గు రేకులకు దారి ఇవ్వడానికి వందల కొద్దీ ప్రయాణికుల రైళ్లు రద్దు చేయాల్సి వచ్చింది. పాత కథే.

అయినా అక్కడక్కడా రైలే సరుకు దగ్గరకు నడిచివెళ్లిన సందర్భాలున్నాయి. కొంకణ్ రైల్వే 1999లో కోలాడ్, వెర్ణా స్టేషన్ల మధ్య లారీలను డ్రైవర్లతో సహా ఫ్లాట్ వ్యాగన్ల మీదికి ఎక్కించడం మొదలుపెట్టింది. ఘాట్ రోడ్డు బెడద లేదు, సరుకు దింపి ఎక్కించే పనీ లేదు. లారీ ఓనరుకు పోటీ పోయి, రైలే మరో రోడ్డయింది. 2020 మార్చిలో రేణిగుంట నుంచి ఢిల్లీకి ప్రత్యేకంగా పాలరైలు పట్టాలెక్కింది. ఒక్కోటి 40,000 లీటర్ల ట్యాంకర్లు. చిత్తూరు పాలను వారానికోసారి బండికి తగిలించి పంపే పాత పద్ధతిని వదిలి, పాలు విరిగే గడువుకు తగ్గట్టు నడిపారు.

2021 బడ్జెట్‌లో సరుకు రైళ్లకే ప్రత్యేకమైన మరికొన్ని మార్గాలను ప్రకటించారు. వాటిలో ఒకటి ఖరగ్‌పూర్ నుంచి, ఇంకొకటి ఇటార్సీ నుంచి. రెండూ వచ్చి ఆగేది విజయవాడలోనే. ఆ పట్టాలు పడేలోపు తేల్చుకోవాల్సిన సంగతులు చిన్నవే. ఆటోనగర్ లారీ ఆ రైలెక్కడానికి ర్యాంపు ఎక్కడ కడతారు? నూజివీడు రైతు పది టన్నుల మామిడి తెస్తే తీసుకునే షెడ్డు ఏది, గుమస్తా చెప్పే రేటెంత, బండి ఎన్నింటికి? బొగ్గు, సిమెంటు ఎలాగూ ఎక్కుతాయి.