పార మీద వేగిన బేకన్

ఆ చిదుగులు ఇటు పడేసి మంటకి దగ్గరగా జరగండర్రా. బేకన్ అంటే ఉప్పు పట్టించి పొగపెట్టిన పంది మాంసమే కదా, అదెలా వేయించాలో ఫోన్లో వెతుకుతున్నారా? అది నేను రైలింజన్లో నేర్చుకున్నాను. అవును, ఇంజన్లోనే. నవ్వకండి, చెప్తాను.

1960ల మొదట్లో నేను బెజవాడ లోకో షెడ్డులో ఫైర్‌మన్ని. అప్పుడు మాది సదరన్ రైల్వే. సౌత్ సెంట్రల్ అనేది 1966 అక్టోబరు 2న గానీ పుట్టలేదు. గూడ్సులకి డబ్ల్యూజీ ఇంజన్లు, మెయిళ్ళకి ముక్కు మీద నక్షత్రం ఉన్న డబ్ల్యూపీలు. డ్రైవర్లలో ఆంగ్లో ఇండియన్లు చాలామంది ఉండేవాళ్ళు. నేను ఎక్కువగా పనిచేసింది అలాంటి ఒక దొర దగ్గరే. దొర అన్నానని సీమ నుంచి ఓడెక్కి వచ్చాడనుకునేరు. పుట్టిందీ పెరిగిందీ గుంతకల్లు రైల్వే క్వార్టర్సులోనే. తెలుగులో తిట్లన్నీ వచ్చు, దీవెనలే రావు.

ఆయనకో రేకుపెట్టె ఉండేది, లైన్ బాక్స్ అనేవాళ్ళు. డ్యూటీకొచ్చే ప్రతి డ్రైవరుకీ ఉండేది. అందులో టీ పొడి, పంచదార, రొట్టె, ఊకలో పెట్టిన గుడ్లు, అడుగున నూనె కాగితంలో చుట్టిన బేకన్ పొట్లం. గూడ్సు బండికి దారిలో మర్యాద ఎక్కడిది? ఏ తేలప్రోలులోనో లూప్ లైన్లోకి తోసేసి, మెయిలు పోయేదాకా నిలబెట్టేవాళ్ళు. అప్పుడు దొర పొట్లం విప్పేవాడు.

బొగ్గెత్తే పార కడగడం నా పని. బొగ్గు మీద నీళ్ళు చల్లే రబ్బరు పైపొకటి ఉంటుంది, దాంట్లోంచి వచ్చేవి సలసల కాగే నీళ్ళు. ఆ నీళ్ళతో పారని అద్దంలా కడగాలి. కడిగిందాన్ని దొర వేలితో రాసి చూసేవాడు. వేలికి నలుపంటితే మళ్ళీ మొదటికి. తర్వాత బేకన్ ముక్కలు పార మీద పరిచి, ఫైర్‌బాక్సు తలుపు తీసి, మంటకి పైన కాస్త లోపలగా పట్టుకోవాలి. లోపల వెయ్యి డిగ్రీలు దాటిన వేడి. గుటక వేసేలోపు చుయ్‌మంటుంది. కొవ్వు కరిగి పార గుంటలోకి చేరాక, అందులోనే గుడ్లు కొట్టేవాడు. నూనె చుక్క కూడా వెయ్యలేదు సుమండీ.

దీంట్లో ఓ కిటుకుంది. బ్లోయర్ అని ఆవిరి వాల్వు ఒకటి ఉంటుంది, అది తిప్పితే పొగగొట్టం వైపు గాలి లాగుతుంది. పార లోపల పెట్టినప్పుడు దాన్ని బాగా తగ్గించాలి. షెడ్డులో కొత్తగా చేరిన కుర్రాడొకడు అది తెలియక బ్లోయర్ పెద్దగా వదిలేశాడు. పలచటి ముక్కలు కదా, ఎగిరి నిప్పుల్లోకి పోయాయి. వాళ్ళ డ్రైవరు ఏలూరు దాకా మాట్లాడలేదట.

మా రెండో ఫైర్‌మన్ ఒక సాయెబు. ఆయన డ్యూటీలో ఉన్న రోజున దొర ఆ పొట్లం తీసేవాడు కాదు, గుడ్లు మాత్రమే వేసేవాడు. ఎవరూ ఎవరికీ చెప్పలేదు, చెప్పించుకోలేదు.

మరి నువ్వెలా తిన్నావు తాతా అంటారా? మన ఇళ్ళల్లో పంది మాంసం గడప లోపలికి వచ్చేది కాదు. ఊరి చివర పందుల్ని పెంచే వాళ్ళున్నారు, తినే వాళ్ళున్నారు. తినని వాళ్ళు వాళ్ళని చూసి ముక్కు మూసుకునేవాళ్ళు. నేనూ ఆ మూసుకునే ఇంట్లోనే పుట్టాను. రాత్రంతా టన్నుల కొద్దీ బొగ్గెత్తిన ఒళ్ళు. తెల్లవారుజామున ఆ వాసన తగిలితే ఏ కులం వాడికైనా కడుపు ఊరుకోదు. ఊరుకుంటుందని చెప్పేవాడు ఎప్పుడూ బొగ్గెత్తలేదని అర్థం.

మొదట్లో దొరకి ఆ పొట్లం మద్రాసు నుంచి, మౌంట్ రోడ్డు స్పెన్సర్ షాపు నుంచి వచ్చేది. తర్వాత మన పక్కనే దొరకడం మొదలైంది. ప్రభుత్వం గన్నవరంలో బేకన్ ఫ్యాక్టరీ పెట్టింది. ఏమిటలా చూస్తారు, మన గన్నవరమే! అలాంటివి అప్పట్లో దేశంలో కొన్నే: ఆలీగఢ్, బొంబాయి దగ్గర బోరివలి, బెంగాల్లో హరింఘాట, కేరళలో కూత్తాట్టుకుళం, ఇంకొన్ని. ఆ ఫ్యాక్టరీల కోసమే తెల్ల యార్క్‌షైర్ జాతిని పెంచారు. మనవాళ్ళు సీమపందులన్నది వాటినే. నిక్కపొడుచుకున్న చెవులు, గులాబీ రంగు ఒళ్ళు, నడుము ఇంత పొడుగు. నాటు పంది కంటే కండ ఎక్కువ. విమానాశ్రయానికని మీ కార్లు పోయేది ఆ ఊరికే కదా, ఒక్కడికైనా తెలుసా?

దొరగారి భార్య బేకన్ ఇంట్లోనే చేసేది కూడా, అదీ పుష్యమాసం చలిలో మాత్రమే. పంది పొట్ట భాగంలో కండ ఒక పొర, కొవ్వు ఒక పొర ఉంటాయి. ఆ పలకకి ఉప్పు, బెల్లం, చిటికెడు సురేకారం పట్టించి, రోజూ తిరగేస్తూ వారం పాటు ఉంచేది. ఊరిన నీళ్ళు పారబోసి, కడిగి, ఆరగట్టి, పొగ పెట్టేది. ఉప్పు మాంసంలో నీటిని లాగేస్తుంది, అందుకే నిలవ ఉంటుంది. మాంసానికి ఎర్రరంగు ఇచ్చేదీ, ప్రాణం తీసే సూక్ష్మజీవిని లేవకుండా చేసేదీ ఆ సురేకారం. ఎండాకాలంలో బెజవాడలో ఆ పని పెట్టుకుంటే ఉప్పు లోపలికి దిగేలోపే మాంసం పాడవుతుంది. మీకిప్పుడు ఫ్రిజ్జులున్నాయి గనక ఏ నెలలోనైనా చెయ్యచ్చు. సురేకారం కొలత తెలియకుండా మాత్రం చెయ్యి పెట్టకండి, అది మందులాంటిది. ఎక్కువైతే విషం.

ఆవిడ చేతి క్యాబేజీ వేపుడు తినాలి! మూకుట్లో బేకన్ ముక్కలు కరకరలాడాక పైకి తీసి, ఆ కొవ్వులోనే ఉల్లిపాయ, ఎండుమిర్చి, సన్నగా తరిగిన క్యాబేజీ వేసి మగ్గనిచ్చేది. అన్నంలోకి మిరియాల చారు, పక్కన ఈ వేపుడు. చారుని వాళ్ళు పెప్పర్ వాటర్ అనేవాళ్ళు. మన చారే.

మన ఇంట్లో మాత్రం మీ నాయనమ్మ బేకన్ని వంటింట్లోకి రానివ్వలేదు. పెరట్లో మూడు రాళ్ళు పెట్టుకుని, వేరే మూకుడు కొనుక్కున్నాను. పార అలవాటుతో మొదట పెద్ద మంట పెట్టబోతే, దొర భార్యే చెప్పింది ఇంటి పద్ధతి వేరని. చల్లటి మూకుట్లో ముక్కలు పరిచి, సన్న సెగ మీద పెట్టాలి. వేడి మూకుట్లో వేస్తే కండ మాడుతుంది, కొవ్వు పచ్చిగా ఉండిపోతుంది. కావాలంటే రెండు చెంచాల నీళ్ళు పొయ్యండి, నీళ్ళు ఇగిరేలోపు కొవ్వు నెమ్మదిగా వదులుతుంది. అంచులు ముడుచుకుని నురగ కట్టినప్పుడు తీసెయ్యాలి. ఇంకా గట్టిపడాలని కూచుంటే నల్లబడుతుంది. మిగిలిన కొవ్వు వడకట్టి గాజు సీసాలో దాచుకుంటే బంగాళాదుంపకీ, చిక్కుడుకాయకీ పనికొస్తుంది.

రోజూ తింటే? మీ పిన్ని డాక్టరు కదా, అది నాకు కాగితం చదివి వినిపించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ళ క్యాన్సర్ పరిశోధన విభాగం 2015లో ఇలాంటి నిలవ మాంసాన్ని క్యాన్సర్ కారకాల్లో చేర్చిందట. రోజుకు 50 గ్రాములు తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు 18 శాతం పెరుగుతుందట. బేకన్ పండక్కి తినే వస్తువర్రా, రోజూ టిఫిను కాదు. మేము కూడా బండి ఆగినప్పుడే తిన్నాం.

రేపు వేయించేవాళ్ళు ఒక్కటి గుర్తుపెట్టుకోండి. ఎండుచేప కూరలోలాగే ఇందులోనూ ఉప్పు ముందే ఉంటుంది. ముక్క నోట్లో వేసుకుని చూశాకే ఉప్పుడబ్బా ముట్టుకోండి.