ఒక్కడు వర్సెస్ నలుగురు: డి అండ్ డిలో ఒంటరి విలన్ 50 ఏళ్ల కథ

ఈ ఎపిసోడ్ ఒక ఓటమితో మొదలుపెడుతున్నా. ఓడింది నేనే.

2019లో మేం ఐదుగురం హైదరాబాద్‌లో ఒక పీజీలో ఉండేవాళ్ళం. ఆదివారం మధ్యాహ్నం బిర్యానీ తినేసి, మంచం మీద చార్ట్ పేపర్ పరిచి డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడేవాళ్ళం. అదే, డి అండ్ డి. నేను డంజన్ మాస్టర్. అంటే కథ చెప్పేది నేనే, విలన్లని నడిపేదీ నేనే. మిగతా నలుగురూ హీరోలు. ఏడాది పాటు ఒకటే కథ, ఆ కథకి ఒకడే విలన్, ఒక మాంత్రికుడు. మా ఫ్రెండ్ ఒకడి క్యారెక్టర్ పుట్టిన ఊరిని తగలబెట్టింది వాడే. ఆ ఫ్రెండ్ ఎంఎస్ కోసం అమెరికా ఫ్లైట్ ఎక్కడానికి సరిగ్గా రెండు రోజుల ముందు ఆఖరి ఫైట్ పెట్టుకున్నాం.

హీరోలందరూ 8వ లెవెల్. విలన్‌ని నేను 11వ లెవెల్ విజార్డ్‌గా కట్టాను. ఆటగాళ్ళు తమ క్యారెక్టర్ తయారుచేసుకునే రూల్స్‌తోనే, మూడు రాత్రులు కూర్చుని, స్పెల్స్ ఒక్కొక్కటీ ఏరుకుని మరీ కట్టాను. ఫైట్ మొదలైంది. ఎవరు ముందు ఆడాలో తేల్చే పాచికలో వాడికి ఆఖరి స్థానం పడింది. క్లెరిక్ ఒక మంత్రం వేసి వాడిని కదలకుండా కట్టేశాడు. రోగ్ వెళ్ళి పొడిచాడు. ఫైటర్ నాలుగు దెబ్బలు వేశాడు. విలన్‌కి ఉన్నవి 68 హిట్ పాయింట్లు, అవి అక్కడితో అయిపోయాయి. వాడి వంతు రానేలేదు. ఏడాది పాటు భయపెట్టినవాడు ఒక్క మంత్రం కూడా వేయకుండా పోయాడు.

మా ఫ్రెండ్ నా వైపు చూసి, "ఇంతేనా మామా?" అన్నాడు. కోప్పడి ఉంటే బాగుండేది. ఊరికే అడిగాడు, పుస్తకాలు సర్దుకున్నాడు, సూట్‌కేస్ సర్దుకోవడానికి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత చదవడం మొదలుపెడితే తెలిసింది, ఈ ఆట తయారుచేసినవాళ్ళు కూడా మొదటి రోజు నుంచీ ఇదే ప్రశ్నతో కుస్తీ పడుతున్నారని. ప్రశ్న సింపుల్. ఈ ఆటలో హీరోలకి క్లాసులుంటాయి. కత్తి పట్టేవాడు ఫైటర్, మంత్రాలు వేసేవాడు విజార్డ్, దేవుడి శక్తితో నడిచేవాడు క్లెరిక్, ఇలా. ఈ క్లాసుల్లో ఒకదాన్ని తీసుకుని, ఒంటరిగా, నలుగురు హీరోలకి ఎదురుగా నిలబెడితే ఫైట్ సమానంగా ఉండాలంటే ఏం చేయాలి? దీనికి ఒక్కో కాలంలో ఒక్కో జవాబు వచ్చింది. వరసగా చూద్దాం.

డి అండ్ డి కంటే ముందు, 1971లో, గ్యారీ గైగాక్స్, జెఫ్ పెర్రెన్ కలిసి చెయిన్‌మెయిల్ అనే యుద్ధ ఆట రాశారు. టేబుల్ మీద చిన్న చిన్న సైనికుల బొమ్మలతో ఆడే ఆట అది. దాని చివర్లో ఫ్యాంటసీ రూల్స్ కొన్ని కలిపారు. అందులో 'హీరో' అనే బొమ్మ ఒక్కటే నలుగురు సైనికులతో సమానం. 'సూపర్ హీరో' ఎనిమిది మందితో సమానం. ఇంకో మెలిక ఉంది. హీరోని పడగొట్టాలంటే ప్రాణం తీసే దెబ్బలు నాలుగు ఒకేసారి తగలాలి. ఇప్పుడొకటి, తర్వాతొకటి అంటే కుదరదు. అంటే నలుగురి బలం ఇచ్చి ఊరుకోలేదు, నలుగురు చుట్టుముట్టినా నిలబడేలా ప్రత్యేకంగా ఒక రూల్ కూడా ఇచ్చారన్నమాట. ఈ పాయింట్ గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

అదే రోజుల్లో మిన్నెసోటాలో డేవ్ ఆర్నెసన్ తన ఫ్రెండ్స్‌తో బ్లాక్‌మూర్ అనే ఆట నడిపేవాడు. అందులో చెడ్డ పక్షాన కూడా ఆటగాళ్ళు ఉండొచ్చు. అలాంటి ఒక ఆటగాడి క్యారెక్టరే సర్ ఫ్యాంగ్ అనే వ్యాంపైర్. అతను ఎంత బలపడ్డాడంటే మిగతావాళ్ళ వల్ల కాలేదు. అప్పుడేం చేశారో తెలుసా? వ్యాంపైర్ సినిమాల్లో వ్యాంపైర్లని వేటాడే పాత్ర ఉంటుంది కదా, ఆ పోలికతో ఒక కొత్త రకం క్యారెక్టర్‌ని తెచ్చారు. డి అండ్ డి క్లెరిక్‌కి మూలం అదే. ఒంటరి విలన్‌ని అదుపు చేయడానికి ఏకంగా ఒక క్లాసే పుట్టిందన్నమాట. నా విలన్‌ని కట్టేసింది కూడా క్లెరిక్కే. అంటే వాళ్ళు ఆ పని మీదే పుట్టారు, మా వాడి తప్పేం లేదు!

1974లో గైగాక్స్, ఆర్నెసన్ కలిసి డి అండ్ డి అచ్చు వేశారు. మొదటి ముద్రణ 1000 కాపీలు. క్లాసులు మూడే: ఫైటింగ్-మ్యాన్, మ్యాజిక్-యూజర్, క్లెరిక్. వీటి మధ్య బ్యాలెన్స్ కోసం వాళ్ళు వాడింది టైమ్. రెండో లెవెల్‌కి వెళ్ళాలంటే క్లెరిక్‌కి 1500 పాయింట్లు చాలు, ఫైటింగ్-మ్యాన్‌కి 2000 కావాలి, మ్యాజిక్-యూజర్‌కి 2500 కావాలి. మాంత్రికుడు మొదట్లో ఒక్క దెబ్బకి పోయేంత బలహీనుడు, బతికి బట్టకడితే తర్వాత అందర్నీ మించిపోతాడు. నెలల తరబడి ఆడే ఆటలో ఇది ఓకే. కానీ ఒక్క సాయంత్రం, ఒక్క ఫైట్ కోసం వచ్చే విలన్‌కి ఈ లెక్క ఎలా పనికొస్తుంది? వాడు నెలల తరబడి ఎదిగి రాలేదు కదా, తిన్నగా పై లెవెల్లోనే ఊడిపడ్డాడు.

ఆ పుస్తకంలోనే దీనికి తెలివైన జవాబు ఒకటుంది. దారిలో కోటలు తగులుతాయి. కోటలో ఉన్నది పెద్ద ఫైటర్ అయితే, దారిన పోయే తన క్లాస్ వాళ్ళనే జౌస్టింగ్‌కి పిలుస్తాడు. అంటే గుర్రాల మీద ఈటెలతో ఒకరితో ఒకరు పోటీ. మాంత్రికుడైతే మంత్రంతో కట్టడి చేసి నిధి తెమ్మని పంపిస్తాడు. క్లెరిక్ అయితే కానుక కట్టమంటాడు. పైగా వీళ్ళకి కోట నిండా కాపలా మనుషులు. ఏ ఒక్కడూ ఒంటరిగా నలుగురి మధ్యకి వచ్చి నిలబడడు. నేను చేసింది సరిగ్గా అదే!

1983లో ట్రేసీ హిక్‌మన్, లారా హిక్‌మన్ రాసిన రేవెన్‌లాఫ్ట్ వచ్చింది. విలన్ స్ట్రాడ్ ఒక వ్యాంపైర్, దాంతోపాటు 10వ లెవెల్ మ్యాజిక్-యూజర్. రూల్స్ ప్రకారం చూస్తే అంత పెద్ద లెవెలేం కాదు. కానీ కోట అతనిది, గోడలూ దారులూ అతనికి తెలుసు. వస్తాడు, దెబ్బ కొడతాడు, మాయమవుతాడు. హీరోలు అలసిపోయాక మళ్ళీ వస్తాడు. విలన్‌ని తెలివిగా నడిపించమని చెప్పిన అడ్వెంచర్ అది. ఇక్కడ బ్యాలెన్స్ అంతా డంజన్ మాస్టర్ బుర్రలో ఉంది. మంచి మాస్టర్ దొరికితే సూపర్, నాలాంటి వాడు దొరికితే 68 పాయింట్లు, ఒక్క రౌండ్, ఖతం.

2000లో మూడో ఎడిషన్ వచ్చింది. అప్పటికి ఆట విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ కంపెనీ చేతికి వచ్చేసింది. వీళ్ళు దీన్ని ఇంజనీర్లలా ఆలోచించారు. ప్రతి ప్రత్యర్థికీ చాలెంజ్ రేటింగ్ అని ఒక నంబర్ ఇచ్చారు. నలుగురు హీరోల పార్టీకి తమ లెవెల్‌తో సమానమైన నంబర్ ఉన్న ప్రత్యర్థి ఎదురైతే, వాళ్ళ దగ్గరున్న హిట్ పాయింట్లు, స్పెల్స్ లాంటి వాటిలో సుమారు 20 శాతం ఖర్చవుతుందని లెక్క. మరి క్లాస్ ఉన్న విలన్‌కి నంబర్ ఎంత? అతని లెవెలే. 10వ లెవెల్ ఫైటర్ అయినా 10, 10వ లెవెల్ విజార్డ్ అయినా 10.

నాకు ఈ లెక్క చూడగానే నచ్చింది. వాడి చూస్తే తేడా కొట్టింది. సమాన ఫైట్ కావాలంటే విలన్ లెవెల్ పెంచాలి. పెంచితే ఏమవుతుంది? విజార్డ్‌కి మంత్రాల బలం పెరిగినంతగా ఒంటి బలం పెరగదు. వాడి వంతు ముందొస్తే ఒక్క మంత్రంతో హీరోలు పోతారు. హీరోల వంతు ముందొస్తే వాడు పోతాడు. అది సమానమైన ఫైట్ ఎలా అవుతుంది? నాణెం ఎగరేసినట్టు అంతే.

ఇక్కడ ఒక్క నిమిషం కబడ్డీ గుర్తు చేసుకోండి. రైడర్ ఒక్కడు, ఎదురుగా ఏడుగురు. ఆ ఒక్కడూ ఏడుగురి బలం ఉన్నవాడేం కాదు. మరి పోటీ ఎలా కుదురుతోంది? వాడికి రూల్స్ వేరు. ముట్టుకుని గీత దాటి వెనక్కొస్తే చాలు, పాయింట్. ఎవరినీ పడగొట్టక్కర్లేదు. టైమ్ కూడా 30 సెకన్లే. అదే రైడర్‌ని ఏడుగురితో కుస్తీ పట్టమంటే చూడటానికేం ఉంటుంది?

2008లో నాలుగో ఎడిషన్ ఈ మాటని ఒప్పుకుంది. విలన్లని హీరోల రూల్స్‌తో కట్టక్కర్లేదని తేల్చేసింది. 'సోలో' అని ఒక కొత్త రకం ప్రత్యర్థిని పెట్టింది, వాడొక్కడే ఐదుగురు మామూలు ప్రత్యర్థులకి సమానం. హిట్ పాయింట్లు చాలా ఎక్కువ, అదనంగా ఆడేందుకు రెండు యాక్షన్ పాయింట్లు, మంత్రాల ప్రభావాన్ని వదిలించుకోవడానికి 5 బోనస్. ఐడియా కరెక్టే. కానీ చాలా టేబుల్స్ దగ్గర వేరే కంప్లయింట్ వచ్చింది: ఫైట్ ఎంతకీ అయిపోదు. హీరోల మంచి పవర్స్ అన్నీ అయిపోయినా విలన్ ఇంకా నిలబడే ఉంటాడు, అందరూ గోడని కొట్టినట్టు కొడుతూ ఉంటారు. అందుకే 2010లో మాన్‌స్టర్ మాన్యువల్ 3 వచ్చేసరికి ప్రత్యర్థుల దెబ్బల బలం పెంచారు.

ఇక 2014, ఐదో ఎడిషన్. ఈ ఎపిసోడ్‌లో మీరు ఒక్కటే గుర్తుపెట్టుకుంటే ఇది గుర్తుపెట్టుకోండి. ఆ ఏడాది మాన్‌స్టర్ మాన్యువల్‌లో ఇద్దరు మాంత్రికులున్నారు. ఒకడు ఆర్చ్‌మేజ్. మంత్రాల్లో 18వ లెవెల్, హిట్ పాయింట్లు 99, చాలెంజ్ రేటింగ్ 12. రెండోవాడు లిచ్, అంటే చావుని మోసం చేసిన మాంత్రికుడు. వాడూ మంత్రాల్లో 18వ లెవెలే. హిట్ పాయింట్లు 135. చాలెంజ్ రేటింగ్ ఎంతో తెలుసా? 21.

మంత్రాల లెవెల్ ఒకటే, నంబర్లో 9 తేడా! లిచ్ ఒళ్ళు గట్టిది, మామూలు ఆయుధాలు పనిచేయవు, ఒప్పుకుంటా. కానీ నాకు అసలు కీలకంగా కనిపించేవి రెండు. మొదటిది లెజెండరీ యాక్షన్స్. వేరేవాళ్ళ వంతు ముగియగానే మధ్యలో దూరి ఆడొచ్చు, రౌండ్‌కి మూడు. రెండోది లెజెండరీ రెసిస్టెన్స్. తన మీద పడిన మంత్రాన్ని తప్పించుకోలేకపోతే, 'తప్పించుకున్నా' అని చెప్పే హక్కు, రోజుకి మూడుసార్లు. నా విలన్‌కి రెండోది ఒక్కటి ఉన్నా క్లెరిక్ మంత్రం కట్టేసేది కాదు. దానికి తోడు మొదటిదీ ఉంటే రోగ్ పొడిచాక ఫైటర్ వచ్చేలోపే వాడు ఏదో ఒకటి చేసేవాడు. ఇంకో సంగతి, 2000 నాటి లెక్కలో 18వ లెవెల్ విజార్డ్ నంబర్ తిన్నగా 18. 14 ఏళ్ల తర్వాత అదే లెవెల్ ఆర్చ్‌మేజ్‌కి 12 ఇచ్చారు. ఒంటరిగా నిలబడితే లెవెల్ విలువ ఎంత తగ్గిపోతుందో అక్కడే తెలిసిపోతోంది.

2022లో మాన్‌స్టర్స్ ఆఫ్ ది మల్టీవర్స్ పుస్తకంలో మాంత్రిక విలన్ల షీట్లు కూడా మార్చారు. పొడుగాటి స్పెల్స్ లిస్ట్ తగ్గించి, ఆర్కేన్ బర్స్ట్ లాంటి సూటి దాడులు ఇచ్చారు. కారణం ఊహించొచ్చు. హీరోకి ఏడాదంతా టైమ్ ఉంటుంది, లిస్ట్ ఎంత పొడుగున్నా వాడుకుంటాడు. విలన్ బతికేది మూడు రౌండ్లు. నేను మూడు రాత్రులు కూర్చుని ఏరిన స్పెల్స్‌లో బతికి ఉన్నా మూడే వేసేవాడు.

కాబట్టి నాకు అర్థమైంది ఇదీ. క్లాస్ అనేది టీమ్ కోసం డిజైన్ చేసిన ఉద్యోగం. విజార్డ్ ముందు ఫైటర్ నిలబడతాడు, వెనక క్లెరిక్ ఉంటాడు, అందుకే విజార్డ్ అంత బలహీనంగా ఉండగలడు. ఒంటరిగా పెడితే ఆ బలహీనత మాత్రమే మిగులుతుంది. విలన్‌కి ఇవ్వాల్సింది ఇంకో నాలుగు లెవెల్స్ కాదు, వంతులు. ఆడటానికి వంతులు, మనుషులు, గెలవడానికి వేరే లక్ష్యం. 1971లో ఆ హీరో బొమ్మకి ఇచ్చిన రూల్ చెప్పింది కూడా దాదాపు ఇదే.

పోయిన డిసెంబర్‌లో మా ఫ్రెండ్ లీవ్ మీద వచ్చాడు. అదే ఫైట్ మళ్ళీ పెట్టాను. అదే మాంత్రికుడు, అదే 11వ లెవెల్. మూడే మార్చాను: వేరేవాళ్ళ వంతు తర్వాత ఒక చిన్న కదలిక, పక్కన ఇద్దరు కాపలావాళ్ళు, ఐదు రౌండ్లలో పూర్తయ్యే ఒక తంతు. అది పూర్తయితే విలన్ గెలిచినట్టే. ఐదో రౌండ్‌లో, ఇద్దరు హీరోలు కింద పడి ఉండగా, ఆఖరి దెబ్బ వాడే వేశాడు.

పాచిక పక్కన పెట్టి, "మరి అప్పుడే ఇలా ఎందుకు పెట్టలేదు మామా?" అన్నాడు.

అప్పుడు తెలీదురా, అన్నాను.

మీ టేబుల్ మీద ఇలా ఒక్క రౌండ్‌లో పోయిన విలన్ ఎవరైనా ఉంటే కింద రాయండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.