ముందు ఎవరికి? తెలుగునాట చీటీల చరిత్ర

ఆదాయం చేతికందే వేళకూ అవసరం ముంచుకొచ్చే వేళకూ పొంతన కుదరకపోవడమే సామాన్య కుటుంబపు ఆర్థిక చరిత్రలో అసలు సమస్య. వానను నమ్ముకున్న సేద్యగాడి ఇంటికి రాబడి కోతల తరువాత ఒక్కసారే వచ్చేది. పెళ్లి, పురుడు, జబ్బు, ఎద్దు చచ్చిపోవడం మాత్రం కోతల దాకా ఆగేవి కావు. ఈ ఎడాన్ని పూడ్చుకోవడానికి ఉన్న మార్గాలు కొద్దిపాటివే: ఇంట్లో బంగారం ఉంటే కుదువ పెట్టడం, షావుకారికి ప్రాంసరీ నోటు రాసివ్వడం, లేదా తెలంగాణ పల్లెల్లో నాగు అని పిలిచిన పద్ధతిలో, అంటే తిండికో విత్తనానికో తెచ్చుకున్న గింజలను కల్లం దగ్గర వడ్డీ గింజలతో కలిపి కొలిచి ఇవ్వడం. 1882లో తపాలా కార్యాలయాల్లో సేవింగ్స్ బ్యాంకు మొదలైనా, 1904 చట్టంతో సహకార పరపతి సంఘాలు ఏర్పడినా, మొదటిది దాచుకోవడానికే తప్ప అప్పుకు పనికిరాలేదు, రెండవది ఎక్కువగా భూమి ఉన్న రైతులనే చేరుకుంది. దాచుకోవడం, అప్పు తీసుకోవడం అనే రెండు పనులను ఒకే ఏర్పాటులో ఇమిడ్చి, భూమీ బంగారమూ లేనివారికి కూడా పెద్ద మొత్తాన్ని ఒక్కసారిగా చేతికిచ్చిన పద్ధతి చీటీ.

చీటీ నడిచే తీరు సులభంగానే అర్థమవుతుంది. కొందరు సభ్యులు జట్టుగా చేరి నెలనెలా సమానమైన వంతు కడతారు. ఎంతమంది సభ్యులో అన్ని నెలలు చీటీ సాగుతుంది. ఏ నెల సొమ్ము ఆ నెల ఒక్కరికే దక్కుతుంది. ఎత్తుకున్నవారు కూడా చివరి నెల దాకా కడుతూనే ఉండాలి. ముందుగా ఎత్తుకున్నవారు మిగిలినవారికి బాకీదారులవుతారు, చివర ఎత్తుకునేవారు అందరికీ అప్పిచ్చినవారవుతారు, మధ్యలోనివారు కొన్నాళ్లు ఇచ్చేవారుగా ఉండి ఆపై పుచ్చుకున్నవారిగా మారతారు. కనుక ప్రతి చీటీలోనూ తేలవలసిన ప్రశ్న ఒక్కటే: సొమ్ము ముందు ఎవరికి? ఈ ప్రశ్నకు వేర్వేరు కాలాల్లో దొరికిన జవాబుల వెంట నడిస్తే చీటీల చరిత్ర చాలా వరకు తెలిసిపోతుంది.

ఒక జవాబు అదృష్టం. సభ్యుల పేర్లు రాసిన కాగితపు ముక్కల్లోంచి ఒకటి తీయించి, ఎవరి పేరు వస్తే వారికి ఆ నెల సొమ్ము ఇవ్వడం దక్షిణ భారతమంతటా ఉన్న ఆచారం. మలయాళ దేశంలో దీనినే కురి అన్నారు. తిరువాన్కూరు, కొచ్చిన్ సంస్థానాలు చీటీలకు ప్రత్యేక చట్టాలు చేసుకున్నాయి. మద్రాసు రాజధానిలో గ్రామీణ పరపతిపై 1895లో నివేదిక మొదటి సంపుటం వెలువరించిన ఫ్రెడరిక్ నికల్సన్, ఐరోపా తరహా సహకార సంఘాలను సిఫారసు చేస్తూనే, నిధులు, చీటీల వంటి దేశీయ ఏర్పాట్లు అప్పటికే ఇక్కడ ఉన్నాయని గుర్తించాడు. అదృష్టం మీద ఆధారపడిన చీటీకి మాత్రం ఒక చిక్కు వచ్చిపడింది. లాటరీ నడపడాన్ని శిక్షాస్మృతి నేరంగా ఎంచింది గనుక, పేరు తీసి సొమ్ము ఇచ్చే చీటీ కూడా లాటరీయేనా అన్న వాదన మద్రాసు హైకోర్టు దాకా వెళ్లింది. పేరు ఎవరిది ముందు వచ్చినా ప్రతి సభ్యుడికీ కట్టిన సొమ్ము తిరిగి దక్కుతుందా, లేక పేరు వచ్చినవాడు ఇక కట్టనక్కరలేకుండా తప్పుకుంటాడా అన్నదే ఇందులో అసలు భేదం. మొదటిది పరస్పర సహాయం, రెండవది జూదానికి దగ్గర. ఈ రెండవ రకాన్నే తరువాతి కాలంలో ప్రైజు చిట్లు అన్నారు. వాటిని 1978లో పార్లమెంటు నిషేధించింది. అసలు చీటీలను ముట్టుకోలేదు.

రెండవ జవాబు పాట. సొమ్ము వెంటనే కావలసినవారు దానిలో ఎంత వదులుకోవడానికి సిద్ధమో పోటీగా చెబుతారు. ఎక్కువ వదులుకున్నవారికి చీటీ, వదులుకున్నది మిగతావారికి పంపకం. ఇరవై మంది నెలకు 5,000 రూపాయల చొప్పున కట్టే లక్ష రూపాయల చీటీలో ఒకరు 25,000 వదులుకుని పాడితే వారి చేతికి 75,000 వస్తుంది. వదులుకున్న దానిలో నిర్వాహకుడి కమీషన్ 5,000 పోగా మిగిలిన 20,000 ఇరవై మందికీ పంచితే తలకు వెయ్యి, కాబట్టి ఆ నెల ఒక్కొక్కరు 4,000 కడితే సరిపోతుంది. పంచిన వెయ్యిని డివిడెండ్ అనీ, నిర్వాహకుడిని ఫోర్‌మన్ అనీ వ్యవహరిస్తారు. మాఘమాసం ముహూర్తాలకు ముందో, బడి ఫీజులు కట్టవలసిన జూన్‌లోనో పాట ఎంతదాకా పోతుందన్నది ఆ జట్టులో ఎందరి అవసరాలు ఒకేసారి కూడుకున్నాయన్న దానిపై ఆధారపడుతుంది. అవసరం తీవ్రంగా ఉన్నవారి నష్టం ఓపిక పట్టగలిగినవారి లాభంగా మారే ఈ లెక్కను చీటీని పొగిడేవారు తరచుగా దాటవేస్తారు. అయినా ఆ అవసరంలో ఉన్నవారికి షావుకారి గడప తప్ప మరో దారి లేనప్పుడు, తోటి సభ్యుల మధ్య తెగిన పాట చాలావరకు నయమే.

నెలవారీ చీటీ విస్తరించాలంటే నెలవారీ జీతం ఉండాలి. పంట మీద బతికే ఊళ్లో క్రమం తప్పని వంతు కట్టడం కష్టం. రైల్వే, మిల్లు, బడి, సర్కారు కచేరీ వంటి చోట్ల జీతగాళ్లు పెరిగిన కొద్దీ చీటీకి అనువైన నేల సిద్ధమయింది. 1923లో మచిలీపట్నంలో పట్టాభి సీతారామయ్య ఆంధ్రా బ్యాంకును స్థాపించడం డెల్టా పట్టణాల్లో మిగులు సొమ్ము పోగుపడిందనడానికి ఒక ఆనవాలు. కానీ గుమాస్తాకు, టీచరుకు, చిన్న దుకాణదారుకు బ్యాంకు తలుపు తెరుచుకోవడానికి ఇంకా చాలా కాలం పట్టింది. ఈ ఖాళీలోనే వృత్తిగా చీటీలు నడిపే సంస్థలు ఎదిగాయి: 1962లో హైదరాబాద్‌లో మార్గదర్శి, 1974లో మద్రాసులో శ్రీరామ్ చిట్స్ మొదలయ్యాయి. మరోపక్క ఇల్లాళ్లు వంటింటి ఖర్చులో మిగిల్చిన చిల్లరతో, ఏ సంస్థకూ పట్టని చిన్న చీటీలు ఇరుగుపొరుగు మధ్యనే నడిచాయి.

పరిచయం ఉన్న జట్టులో ఎవరు ఎగ్గొడతారో ముందే తెలుస్తుంది. ఇదే ఇంటి చీటీకి జామీను. నిర్వాహకుడికి సభ్యులు అపరిచితులైనప్పుడు ఆ జామీనును కాగితం మీదకు తేవలసి వచ్చింది, నిర్వాహకుడే ఊరొదిలి పారిపోతే ఏమిటన్న ప్రశ్న కూడా తలెత్తింది. మద్రాసు రాష్ట్రం 1961లో, ఆంధ్రప్రదేశ్ 1971లో చిట్‌ఫండ్ చట్టాలు తెచ్చాయి. 1982లో కేంద్రం దేశానికంతటికీ ఒకే చట్టం చేసినా ఆంధ్రప్రదేశ్‌లో అది అమలైంది 2008లోనే. కేంద్ర చట్టం ప్రకారం ప్రతి చీటీనీ ముందుగా రిజిస్టరు చేయించాలి, చీటీ మొత్తానికి తగిన ధరావతు కట్టాలి, ఫోర్‌మన్ కమీషన్ (2019 సవరణ దాకా) 5 శాతం మించకూడదు, పాటలో వదులుకునే సొమ్ముకు గరిష్ఠ పరిమితి పాటించాలి. ఇద్దరు ముగ్గురు ఆ పరిమితి దాకా పాడితే వారిలో ఒకరిని చీటీ తీసి ఎంచడం రివాజు. పాటను చట్టం కట్టడి చేసేసరికి అదృష్టం మళ్లీ పెరటి దారిన ప్రవేశించిందన్నమాట. సంస్థల చీటీలో పాడుకున్నవారు సొమ్ము అందుకోవాలంటే జీతగాళ్ల పూచీకత్తులు చూపవలసి రావడం మరో పరిణామం. సభ్యుల రక్షణకు ఇది అవసరమే. అయితే పూచీ పడే ఉద్యోగి ఎవరూ తెలియని కూలిమనిషికి ఆ చీటీ దూరమైంది.

ఆ దూరమైనవారికి మూడవ జవాబు నెల్లూరు జిల్లా నుంచి వచ్చింది. 1992లో దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం రాష్ట్రమంతా వ్యాపించి, 1993లో సారా నిషేధానికి దారితీసింది. ఆ తరువాత అదే జిల్లాలో స్త్రీలు రోజుకు ఒక రూపాయి చొప్పున దాచుకునే పొదుపులక్ష్మి కార్యక్రమం మొదలైంది. గ్రామీణ స్త్రీల సంఘాల కోసం అప్పటికే 1982 నుంచి ఉన్న డ్వాక్రా పథకం, పొదుపు సంఘాలకు బ్యాంకు రుణాలిప్పించడానికి 1992లో నాబార్డు ప్రారంభించిన బ్యాంకు లింకేజీ ఈ ఒరవడికి తోడయ్యాయి. పొదుపు సంఘంలో ముందు ఎవరికన్నది అదృష్టమూ తేల్చదు, పాటా తేల్చదు. సభ్యులు కూర్చుని ఎవరి అవసరం ముందో చర్చించి తీర్మానం రాస్తారు. మాట చెల్లేవారి అవసరమే పెద్దదిగా కనబడే ప్రమాదం ఈ పద్ధతిలోనూ ఉంది. సంఘాలు అలవాటు చేసిన వాయిదా క్రమశిక్షణను ఆసరా చేసుకుని సూక్ష్మరుణ సంస్థలు ఇంటింటికీ అప్పులు పంచి, వసూళ్ల ఒత్తిడి పెంచడంతో 2010 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చింది.

మానవశాస్త్రవేత్త క్లిఫర్డ్ గీర్ట్జ్ 1962లో రాసిన వ్యాసంలో, వంతులవారీ పరపతి సంఘాలు రైతు సమాజం నుంచి వర్తక సమాజానికి ఎక్కే నిచ్చెనలో మధ్యమెట్టు వంటివని, ఆధునిక బ్యాంకులు వచ్చాక వాటి పని తీరిపోతుందని అంచనా వేశాడు. తెలుగునాట ఈ అంచనా ఫలించలేదు. బ్యాంకు ఖాతా ఉన్న ఇంట్లోనే చీటీ కూడా ఉంటుంది. జీతం బ్యాంకులో పడుతుంది, దానిలోంచి చీటీ వంతు కదులుతుంది. 2019లో పార్లమెంటు కేంద్ర చట్టాన్ని సవరించి కమీషన్‌ను 7 శాతానికి, వ్యక్తులు నడపగల చీటీల మొత్తాన్ని లక్ష నుంచి 3 లక్షల రూపాయలకు పెంచింది, పాటకు సభ్యులు వీడియో ద్వారా హాజరు కావడానికి వీలిచ్చింది. 1982 చట్టం వంద రూపాయల లోపు చీటీలకే మినహాయింపు ఇచ్చింది. ఆ పరిమితిని నిర్ణయించే అధికారాన్ని ఈ సవరణ రాష్ట్రాలకు అప్పగించింది. ఆ మినహాయింపు ఏ అంకె దగ్గర ఆగుతుందన్నది పట్టించుకోకుండానే, అపార్టుమెంట్లలోనూ బస్తీల్లోనూ రిజిస్టరు ఎరుగని ఇంటి చీటీలు నోటుపుస్తకం లెక్కలతో, ఇప్పుడు ఫోన్ చెల్లింపులతో నడుస్తూనే ఉన్నాయి.